లేబుళ్లు పీకే కృష్ణమూర్తి గారు

కృష్ణమూర్తి గారికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. లేబుల్. సీసా మీదైనా, చొక్కా మెడలోనైనా, ఆపిల్ పండు మీదైనా, కంప్యూటర్‌లో మనిషి పేరు మీదైనా సరే, లేబుల్ కంటబడితే ఆయన వేళ్లు ఊరుకోవు. తొమ్మిది గోళ్లు శుభ్రంగా కత్తిరించుకుని, కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పెంచుకునేవారు. లేబుల్ ఒక మూల లేవగానే ఆ గోరు కిందికి దూరేది. ఆ తర్వాత మీరెంత మొత్తుకున్నా లాభం లేదు.

రియాద్‌లో ఆయన పక్క సీట్లో నేను నాలుగేళ్లు కూర్చున్నాను. నా పేరు పునీత్, మాది గుడివాడ. నేను కొన్న నీళ్లసీసా నాదో, పక్కవాడిదో నాలుగేళ్లూ నాకు తెలియలేదు. తలనొప్పి మాత్రల పెట్టె సొరుగులో పెట్టుకుంటే, మర్నాటికి అది ఉత్త తెల్ల పెట్టె. లోపల ఉన్నది తలనొప్పికో విరేచనాలకో తెలియక, ఆ నొప్పి అలాగే భరించిన రోజులున్నాయి.

"ఎందుకండీ ఇలా పీకేస్తారు?" అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేసేవారు.

"ఎవరు అతికించారు?"

"కంపెనీవాళ్లు."

"చూసి అతికించారా?"

"మెషీన్ అతికిస్తుందండీ."

"మరి? చూడకుండా అతికించినదానికి అంత మర్యాద ఏమిటోయ్?" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు వంటింట్లో నలభై డబ్బాల మీద కాగితం ముక్కలు అతికించి, పేర్లు రాసి, వరసగా సర్దారట. శుక్రవారం పొద్దున ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి నలభై డబ్బాలూ నున్నగా మెరుస్తున్నాయి. మొదటిసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు ఆవిడ నాకు శొంఠి టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి ఆగిపోయాను.

"ఏం బాబూ, శొంఠి ఎక్కువైందా?" అన్నారావిడ.

"లేదండీ. ఇంగువ కొంచెం ఎక్కువైంది."

ఆవిడ కప్పు తీసుకుని వాసన చూశారు. "సాంబారు పొడి," అని ఒప్పుకున్నారు. "ఏవండీ, విన్నారా? ఆ అబ్బాయికి టీలో సాంబారు పొడి వేశాను. సంతోషమేనా?"

"మూత తీసి వాసన చూడాలి ప్రసూనా. డబ్బా చెబితే నమ్మేయడమేనా?" అన్నారు లోపలినుంచి కృష్ణమూర్తి గారు.

ఆయన్ని హైపర్ మార్కెట్‌కి తీసుకెళ్లడమంటే ఆవిడకి ప్రాణం మీదికి వచ్చేది. అక్కడ కూరలు ఒకచోట తూకం వేసి, ధర చీటీ అతికించి ఇస్తారు. బిల్లు కట్టేది ఇంకోచోట. ఈ రెంటికీ మధ్య ఉన్న ముప్పై అడుగుల దూరంలో ఆయన బెండకాయల చీటీ, దొండకాయల చీటీ, అరటిపళ్ల చీటీ పీకేసి, గుండ్రంగా చుట్టి జేబులో వేసుకునేవారు. కౌంటర్‌లో కుర్రాడు సంచీ నాలుగువైపులా తిప్పి చూసి వెనక్కి పంపించేవాడు. మళ్లీ తూకం, మళ్లీ చీటీ. మూడోసారి ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని, పిల్లాణ్ని బడికి లాక్కెళ్లినట్టు కౌంటర్ దాకా నడిపించడం నా కళ్లారా చూశాను.

ఆఫీసులో ప్రతి కుర్చీకీ, టేబుల్‌కీ ఆస్తి నంబరు చీటీలుంటాయి. ఏడాదికోసారి ఆడిటర్ వచ్చి లెక్క చూసుకుంటాడు. ఆ ఏడు ఒక కుర్చీ కనబడటం లేదని రాసుకుని, మమ్మల్నందరినీ వరసగా అడిగాడు. కృష్ణమూర్తి గారిని కూడా అడిగాడు. ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని, "ఎక్కడికి పోతుందండీ, ఇక్కడే ఎక్కడో ఉంటుంది," అని చెప్పి పంపించారు.

ఇంతవరకు నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఆయన ఉద్యోగమే లేబుళ్లతో. అక్కడే నాకూ ఆయనకీ పేచీ వచ్చింది.

మాది మనుషుల్ని సప్లై చేసే కంపెనీ. ప్లంబర్లు, కార్పెంటర్లు, క్లీనర్లు, ఏసీ మెకానిక్కులు కలిపి రెండువేల మంది. అందరికీ ఊరి చివర సులైలో క్యాంపు. గోడౌన్ల మధ్య పొడుగాటి షెడ్లు, రూముకి ఎనిమిది బెడ్లు. ఈ రెండువేల మంది వివరాలూ ఒక గ్రాఫ్ డేటాబేస్‌లో ఉండేవి. పేరు చూసి భయపడకండి. చుక్కల ముగ్గు తెలుసుగా, అలాంటిదే. ఒక్కో మనిషికీ ఒక్కో చుక్క. ఆ చుక్కనుంచి అతని బెడ్డుకి ఒక గీత, సైటుకి ఒక గీత, ఫోర్‌మన్‌కి ఒక గీత. చుక్క లోపల పేరు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు నంబరు, ఊరు లాంటి వివరాలు, వాటిని ప్రాపర్టీలంటాం. చుక్క మీద అతికించే చీటీ లేబుల్. 'డ్రైవర్' అని, 'సెలవులో' అని, ఎన్నైనా అతికించవచ్చు.

అతికించిన చీటీ ఊడబెరకడానికి రిమూవ్ అనే ఆదేశం ఉంది. చుక్కనే చెరిపేయడానికి డిలీట్ అనే ఆదేశం ఉంది. కృష్ణమూర్తి గారు రోజుకి ఇరవైసార్లు రిమూవ్ కొట్టేవారు. డిలీట్ కొట్టగా నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. సర్వీసు అయిపోయి ఇంటికి వెళ్లిపోయినవాళ్ల చుక్కల మీద కూడా చీటీలు, వివరాలు తీసేసి, పేరు మాత్రం ఉంచేవారు.

"ఈయన వెళ్లిపోయి ఆరేళ్లయిందండీ. తీసేద్దాం," అనేవాణ్ని.

"ఉండనీవయ్యా. నీ కంప్యూటర్‌లో చోటేమన్నా తినేస్తున్నాడా?"

నేను వచ్చిన మూడో ఏడు లెవీలు పెరిగాయి. ఇక్కడ పనిచేసే ప్రతి విదేశీయుడి తల మీదా కంపెనీ నెలనెలా కట్టాలి. కుటుంబాల తలల మీద వేరే. మా బిల్డింగ్‌లో సగం ఫ్లాట్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఆ వేసవికే ఇళ్లకి వెళ్లిపోయారు. దానికి తోడు నితాకాత్. కంపెనీలో సౌదీలు ఎంతమంది, బయటివాళ్లు ఎంతమంది అని చూసి ప్రభుత్వం రంగు వేస్తుంది. మా కంపెనీ పచ్చనుంచి జారి ఎరుపులో పడింది. తలలు తగ్గాలని పైనుంచి ఒత్తిడి మొదలైంది.

మా హెచ్ఆర్ మేనేజర్ దిలావర్ సాబ్‌ది లాహోర్. చెడ్డవాడు కాదు గానీ, ఎప్పుడూ ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఉండేవాడు. నన్ను పిలిచి ఒక పని చెప్పాడు. క్యాంపు ఇన్‌ఛార్జి జమాలుద్దీన్ రోజూ తెల్లవారుజామున ఐదింటికి టాబ్లెట్ పట్టుకుని బెడ్లు చూసుకుంటూ పోతాడు. ఖాళీ బెడ్డు కనబడితే నొక్కుతాడు. వరసగా మూడురోజులు ఖాళీ అయితే ఆ మనిషి మీద 'గాయబ్', అంటే మాయమయ్యాడని, లేబుల్ పడాలి. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి గాయబ్ జాబితా దానంతట అదే మందూబ్‌కి వెళ్లాలి. మందూబ్ అంటే ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ కాగితాలు తిప్పే మా సౌదీ ఉద్యోగి. అతను వాళ్లందరి మీదా హురూబ్ నమోదు చేస్తాడు.

హురూబ్ అంటే కఫీల్ దగ్గరనుంచి, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరనుంచి, పారిపోయినవాడని ముద్ర. అది పడ్డ మనిషి ఇకామా పనికిరాదు. వేరే కంపెనీకి మారలేడు, ఇంటికి మామూలుగా వెళ్లలేడు. పోలీసులకి దొరికితే జైలు, ఆ తర్వాత వేలిముద్రలు వేయించి విమానం ఎక్కించడం.

నేను వారంలో ఒక చిన్న ప్రోగ్రాం, మా భాషలో స్క్రిప్టు, రాసేశాను. పదినిమిషాలకోసారి అది లేచి, ఖాళీ రోజుల లెక్క చూసి, మూడు ఉన్నవాళ్లకి చీటీ అతికించి పడుకుంటుంది. చాలా ముద్దుగా పనిచేసింది. కృష్ణమూర్తి గారికి గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చివరిదాకా చదివారు.

"అంతా బాగుంది. తీసే దారి ఎక్కడ పెట్టావు?"

"తీసే దారా? ఎందుకండీ?"

"అతికించే దారి పెట్టినప్పుడు తీసే దారి పెట్టవా? తలుపుకి గడియ బయటే పెడితే లోపలున్నవాడు ఏం కావాలోయ్?"

"పారిపోయినవాడు లోపల ఎందుకుంటాడండీ?" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన నా మౌస్ మీద చీటీ పీకుతూ కూర్చున్నారు.

కొన్ని నెలలకి నా లెక్క తేడా కొట్టడం మొదలైంది. మంగళవారం గాయబ్ కింద తొమ్మిదిమంది ఉంటే గురువారం ఒకరో ఇద్దరో వెళ్లేవారు. స్క్రిప్టులో తప్పుందనుకుని రెండు వారాలు నిద్ర మానుకుని వెతికాను. చివరికి చూస్తే తప్పు స్క్రిప్టులో లేదు, పక్క సీట్లో ఉంది. బుధవారం సాయంత్రం ఆయన గుడ్డసంచీ పట్టుకుని, కూరగాయలకని నాలుగింటికే లేచి వెళ్లేవారు. గురువారం పొద్దున్నే వచ్చి, కాఫీ అయినా తాగకుండా లేబుళ్లు పీకేసేవారు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. దిలావర్ సాబ్‌కి ఫిర్యాదు చేసింది నేనే. నలభై డబ్బాల పిచ్చి ఆఫీసుకి పాకిందనుకున్నాను. "ఆయనకి చీటీ కనబడితే చేతులు ఆగవు సార్, అలవాటు," అని నవ్వుతూ చెప్పాను. దిలావర్ సాబ్ నవ్వలేదు. ఆ సాయంత్రమే డేటాబేస్‌లో కృష్ణమూర్తి గారి రాసే అధికారం తీసేశారు. చదవడం వరకే ఉంచారు.

నాతో మాట్లాడరనుకున్నాను. మర్నాడు ఎప్పటిలాగే పులిహోర డబ్బా నా ముందుకి జరిపి, "చదవనిస్తున్నారుగా, చాలు," అన్నారు. 

ఆ తర్వాతి గురువారం పదకొండున్నరకి ఆయన ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. బక్కపల్చటి మనిషి, చేతులు మాత్రం బారుగా, గట్టిగా ఉన్నాయి. కంపెనీ యూనిఫాం మీద సిమెంటు మరకలు. ఆయన్ని తిన్నగా దిలావర్ సాబ్ గదిలోకి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ చెప్పి, నన్ను కూడా పిలిచారు. అక్కడ జరిగిందంతా హిందీలో. కృష్ణమూర్తి గారి హిందీ తణుకు దాటి బయటికి రాలేదు కాబట్టి నేను తెలుగులో చెబుతున్నాను.

"ఈయనెవరు?" అన్నాడు దిలావర్ సాబ్.

"మొండయ్య. షటరింగ్ కార్పెంటర్. మన దగ్గర పంతొమ్మిదేళ్ల సర్వీసు."

"అయితే?"

"పారిపోయాడు."

దిలావర్ సాబ్ మొండయ్యని చూశాడు. మొండయ్య టీ ఊదుకుంటున్నాడు.

"పునీత్, సిస్టంలో చూడు," అన్నాడు.

చూశాను. గాయబ్ లేబుల్ ఎర్రగా వెలుగుతోంది. "సిస్టంలో పారిపోయాడు సార్," అన్నాను. అనగానే ఎంత చెత్త మాట అన్నానో నాకే తెలిసింది.

"సిస్టం మే తో భాగా హువా హై," అని దిలావర్ సాబ్ కూడా నెమ్మదిగా అన్నాడు, ఎవరో ఒకరు కాదనాలన్నట్టు.

"అవును. పారిపోయి పారిపోయి అలిసిపోయాడు పాపం. అందుకే టీ ఇప్పించాను," అన్నారు కృష్ణమూర్తి గారు.

"మరి మూడు రోజులు బెడ్డు మీద ఎందుకు లేడు?"

మొండయ్య కప్పు కింద పెట్టి నావైపు చూశాడు. తెలుగులో చెప్పమన్నాను.

"నేనేడికి పోలే సారు. ఇర్వై రెండో రూముల పండుకున్న. మా ఊరి పోరడున్నడు, రాము. ఆళ్ల అమ్మ సచ్చిపోయింది. ఇంటికి పోదామని చుట్టి అడిగిండు, దొరకలే. దినాలయ్యేదాక ఒక్కన్ని ఎట్ల ఇడిసిపెట్టాలె సారు? పక్కన మనిషుంటే జర ధైర్యముంటదని ఆడ పండుకున్న. పొద్దుగాల డ్యూటీకి రోజు పోయిన. అడుగుండ్రి ఫోర్‌మన్‌ను."

మా సులై క్యాంపు సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. కంపెనీ ఏ బెడ్డు రాసినా, మనుషులు మాత్రం ఊళ్లను బట్టి సర్దుకుంటారు. ఒకరికి జ్వరం వస్తే ఊరివాళ్లు వచ్చి పక్కన పడుకుంటారు. ఇంటి దగ్గర ఎవరైనా పోతే రూమంతా మారిపోతుంది. కాగితం మీద ఎవరి బెడ్డు వాళ్లదే. జమాలుద్దీన్ బెడ్డు చూసి నొక్కుతాడు, నా స్క్రిప్టు నొక్కింది నమ్ముతుంది. తెల్లవారుజామున ఐదింటికి పక్క రూములో తొంగిచూసే ఓపిక ఎవరికుంది?

"ఇంకో మాట," అన్నారు కృష్ణమూర్తి గారు. "మన కంపెనీ ఎరుపులో ఉంది కాబట్టి, మన సంతకం లేకుండానే ఈయన పచ్చ కంపెనీకి మారొచ్చు. ఖఫ్జీలో ఈయన తమ్ముడు సదానందం పనిచేసే కంపెనీ తీసుకుంటానంది. కాగితాలు పెట్టారు, ఆదివారం అయిపోతుంది. ఇవాళ పన్నెండింటికి హురూబ్ వెళ్లిందో, పంతొమ్మిదేళ్ల మనిషి జైలుకి."

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. మొండయ్య గడియారం వైపు చూడలేదు. ఆయన చూపంతా దిలావర్ సాబ్ మొహం మీదే ఉంది.

"నాకూ పైన మనుషులున్నారు కృష్ణమూర్తి సాబ్," అన్నాడు దిలావర్. "ఇలా ఎంతమందివి పీకేశారు మీరు? రేపు ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పాలి? పునీత్, ఆ మార్పుల లాగ్ తీసి చదువు."

తీశాను. ఎనిమిది నెలల్లో రెండువందల పదిహేడు. చీటీ తీసిన ప్రతిచోటా ఆ మనిషి చుక్కలో 'కారణం' అని ఒక ప్రాపర్టీ పెట్టి, తెలుగులో రాసి ఉంది. ఇన్నాళ్లూ నేను సంఖ్య చూశాను గానీ, దాన్ని తెరిచి చదవనేలేదు. చదివి, హిందీలో చెప్పడం మొదలుపెట్టాను.

"ఈయన పారిపోలేదు. పన్నెండో రూములో ఉన్నాడు. నేను చూశాను."

"ఈయన పారిపోలేదు. రాత్రి డ్యూటీ. ఐదింటికి బస్సులో ఉంటాడు. బస్సు నంబరు రాసుకున్నాను."

"ఈయన పారిపోలేదు. అపెండిక్సు ఆపరేషన్ అయింది. కుట్లు చూపిస్తానన్నాడు, వద్దన్నాను."

"ఈయన పారిపోలేదు. బెడ్డు విరిగింది, కింద పడుకుంటున్నాడు. బెడ్డు కూడా చూశాను. నిజంగానే విరిగింది."

"ఈయన పారిపోలేదు. గురకకి రూమువాళ్లు బయటికి పంపేశారు. కాసేపు విన్నాను. వాళ్లదీ తప్పు లేదు."

దిలావర్ సాబ్ మూతి బిగబట్టుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికే అని తర్వాత తెలిసింది.

"అందరివీ తీసేశారన్నమాట," అన్నాడు.

"లేదు సార్." స్క్రీన్ కిందికి జరిపాను. "ఇంకో యాభై ముగ్గురి దగ్గర ఇలా ఉంది. 'ఈయన నిజంగానే వెళ్లిపోయాడు. అందరినీ అడిగాను. చీటీ ఉంచాను.'"

 హురూబ్ పంపేముందు హెచ్ఆర్‌నుంచి ఒకరు స్వయంగా వెళ్లి విచారించాలని మా రూల్సులో ఉంది. ఆ పని చేసే మనిషి మా దగ్గర లేడని అందరికీ తెలుసు. ఎనిమిది నెలలుగా ఉన్నాడని మాత్రం ఎవరికీ తెలియదు. నేనైతే ఆయన మీద ఫిర్యాదు చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"కాటో," అన్నాడు దిలావర్ సాబ్. తీసేయమని. "జల్దీ."

అక్కడే దిలావర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను.  ఆదేశం టైపు చేసి ఎంటర్ మీదికి వేలు పోనిచ్చేలోగా, కృష్ణమూర్తి గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"చదువు ఏం కొట్టావో."

చదివాను. కంగారులో రిమూవ్ బదులు డిలీట్ కొట్టాను. అదీ గీతలతో సహా తెంపే డిలీట్. చీటీ కాదు, మొండయ్యే పోయేవాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసూ, సైట్లూ, సెలవులూ అన్నీ కలిపి, అసలు అలాంటి మనిషి మా కంపెనీలో ఎప్పుడూ లేనట్టు.

"చీటీ తీయమంటే మనిషిని తీస్తావేమిటి నాయనా?" అన్నారాయన నెమ్మదిగా.

చెరిపి రిమూవ్ కొట్టాను. లేబుల్ పోయింది. పదకొండూ నలభై తొమ్మిది. మొండయ్య రెండు చేతులూ జోడించాడు. దిలావర్ సాబ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నేను ఊపిరి పీల్చుకుని ఎందుకో మళ్లీ ఒకసారి చూశాను.

గాయబ్. ఎర్రగా, ఎప్పటిలాగే అక్కడే ఉంది.

"మళ్లీ వచ్చింది," అన్నాను. 

"రాదూ మరి?" అన్నారు కృష్ణమూర్తి గారు. "నీ స్క్రిప్టు పదినిమిషాలకోసారి లేస్తుందిగా. యాభైకి లేచింది. లోపల ఖాళీ రోజులు మూడు అని ఉంది, చూసి మళ్లీ అతికించింది. పైన చీటీ తీస్తే సరిపోదు. లోపల రాసిన ఆ అబద్ధం కూడా తీయాలి."

ఆయన పక్కన నిలబడి ఒక్కొక్కటే చెబుతుంటే నేను కొట్టాను. ముందు ఖాళీ రోజులనే ప్రాపర్టీ తీసేశాను. తర్వాత లేబుల్ తీసేశాను. పాత బెడ్డుకున్న గీత తీసి ఇరవై రెండో రూముకి కలిపాను. చివర కారణం రాయమన్నారు.

"ఏం రాయమంటారు?"

"నీ కంటితో చూశావుగా. నువ్వే రాయి."

'ఈయన పారిపోలేదు. నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చూశాను,' అని రాశాను. ఆయన ముందురోజు క్యాంపులో చూసి రాసుకొచ్చిన మిగతా పేర్లకీ గబగబా అలాగే చేశాను. పన్నెండింటికి జాబితా వెళ్లింది. అందులో ఒకే ఒక్క పేరుంది, అది మొండయ్యది కాదు. మొండయ్యకి చెబితే, "ఇగ పోనా సారు? మధ్యాన్నం డ్యూటీ ఉంది," అన్నాడు. పారిపోయినవాడు అంత శ్రద్ధగా డ్యూటీకి పోవడం దిలావర్ సాబ్ సర్వీసులో ఎప్పుడూ చూసి ఉండడు. లేచి వెళ్లి చేయి కలిపాడు. ఆ సాయంత్రమే కృష్ణమూర్తి గారి రాసే అధికారం తిరిగి ఇచ్చేశారు.

ఆదివారం మొండయ్య కాగితాలు పూర్తయ్యాయి. ఆ వారమే నేను వాళ్లింటికి వెళ్లి, ఆయన కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ, క్షమించమన్నాను. ఆయన చాలా ఇబ్బందిపడి, బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోయాలని లేచి వెళ్లిపోయారు. విషయమంతా చెప్పింది జ్ఞానప్రసూనాంబ గారు.

"కూరగాయలు మన సందు చివర దొరుకుతుంటే, వంకాయల కోసం సులై దాకా వెళ్లే మనిషికి ఏదో పనుంటుందని నాకు తెలీదా బాబూ? అడిగితే సిగ్గుపడతారని ఊరుకున్నాను. ఆ వంకాయలు ఒక్క వారమూ బాగుండేవి కాదు. అయినా మాట్లాడకుండా వండాను."

"ఆయనకి ఈ లేబుళ్ల పిచ్చి చిన్నప్పటినుంచీ ఉందాండీ?"

"లేదు. జుబైల్లో మొదటి ఉద్యోగంలో పట్టుకుంది. మా మామగారికి బాగోలేదని సెలవు అడిగితే, అక్కడి మేనేజరు ఈయన ఫైలు మీద ఎర్ర చీటీ అంటించాడు. గొడవ మనిషని. అంతే, ఏ టేబుల్ మీదికి వెళ్లినా ఆ చీటీ చూసి ఫైలు పక్కన పడేసేవారట. నాలుగు నెలలు. ఆఖరికి ఒకరోజు సెలవు వచ్చేసింది. ఎలా వచ్చిందో తెలీదు. వెళ్లి చూస్తే ఫైలు మీద చీటీ లేదు. ఆఫీసు తుడిచే పీర్ సాహెబ్ అనే ముసలాయన, నిజామాబాద్ మనిషి, పక్కనే నిలబడి ఉన్నాడట. నువ్వు తీశావా అని అడిగితే, 'లేదు బిడ్డా, దుమ్ము తుడుస్తుంటే ఊడింది,' అన్నాడట."

"మీ మామగారిని చూడగలిగారా?"

"చూశారు. పదిరోజులు ఉన్నారు. ఈయన చేతి అన్నం తిన్నాకే మా మామగారు పోయారు." ఆవిడ కళ్లు తుడుచుకుని వెంటనే గొంతు పెంచారు. "ఏవండీ, ఆ కుండీకి మూడుసార్లు పోశారు నీళ్లు. ఇక లోపలికి రండి. ఆ అబ్బాయి ఏడవడం ఆపేశాడు."

నేను ఏడవలేదు. కొంచెం కళ్లు చెమర్చాయంతే. అయినా ఆ ఇంట్లో నా మాట ఎవరు వింటారు?

నా స్క్రిప్టుకి తీసే దారి పెట్టాను. బుధవారాలు ఆయనతో పాటు నేను కూడా సులై వెళ్లడం మొదలుపెట్టాను. వంకాయల విషయంలో జ్ఞానప్రసూనాంబ గారు చెప్పింది అక్షరాలా నిజం.

రెండు నెలల తర్వాత, మధ్యాహ్నం పూట కృష్ణమూర్తి గారి ఫోన్ మోగింది. ఖఫ్జీనుంచి మొండయ్య. ఆయన స్పీకర్ పెట్టి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"బాగున్నవా సారు?"

"బాగున్నానయ్యా. పని ఎలా ఉంది? తమ్ముడు బాగున్నాడా?"

"మంచిగున్నడు. పని గూడ మంచిగుంది. ఒక్క మాట చెప్పాలని చేసిన. నాకు వయసైందని ఈళ్లు షటరింగ్ బంద్ చేయించిన్రు. క్యాంపు చూసుకొమ్మన్నరు. పొద్దుగాల ఐదు గొట్టంగ బెడ్లు లెక్క పెట్టుడు ఇప్పుడు నా పనే."

కృష్ణమూర్తి గారు నావైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

"బెడ్డు ఖాళీ ఉంటే ఏం చేస్తున్నావు మరి?" అని అడిగారు.

"ఏం జేస్త సారు, మొత్తం రూములు తిరుగుతున్న. గంటన్నర పడ్తది."

"దొరుకుతున్నారా?"

"దొరుకుతున్నరు సారు," అన్నాడు మొండయ్య. "అందరు ఆడనే ఉంటున్నరు."